ధరలు అందరికీ పెరుగుతాయి, లెక్క కొందరికే సవరిస్తారు

(విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మీ ముందు మాట్లాడమని నాకిచ్చిన అంశం ద్రవ్యోల్బణం, ఇంటి ఖర్చు. ఈ మాట వినగానే మనకు ఒక గ్రాఫు గుర్తొస్తుంది. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా ధరలు, కింది నుంచి పైకి పోయే ఒక గీత. ఆ గీతను చూపించి "అందరికీ ధరలు పెరిగాయి, ఏం చేస్తాం" అంటారు. ధరలు పెరగడం వర్షం పడటం లాంటిదన్నట్టు మాట్లాడతారు. నిజమే, వర్షం అందరి మీదా పడుతుంది. అయితే గొడుగు ఎవరి చేతిలో ఉంది? ఆ గొడుగు ఎవరు ఇచ్చారు? ఈ రోజు నేను అడగదలచుకున్నది ఆ ప్రశ్న.

ఆర్థికశాస్త్రంలో ఆ గొడుగు పేరు ఇండెక్సేషన్. ధరల సూచీ పెరిగినప్పుడు దానితోపాటు జీతమో, భత్యమో, పన్ను మినహాయింపో తనంతట తాను పెరిగేలా ముందే ఒక నిబంధన రాసిపెట్టుకోవడం. ఈ దేశంలో ఆ నిబంధన ఎవరికి రాశారు, ఎవరికి రాయలేదు అనే జాబితా తయారుచేస్తే, అది మన ఊరి పటంలాగే ఉంటుంది. ఒక పక్క ఊరు, ఒక పక్క వాడ.

బాబాసాహెబ్ ఎక్కడ మొదలుపెట్టారు

చాలామందికి అంబేడ్కర్ అంటే రాజ్యాంగం, కుల నిర్మూలన. కాని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన డాక్టరేట్ కోసం రాసింది రూపాయి గురించి. "ద ప్రాబ్లమ్ ఆఫ్ ద రూపీ" 1923లో పుస్తకంగా వచ్చింది. రూపాయికి విదేశీ మారకంలో ఎంత విలువ అన్నదాని కన్నా, దేశం లోపల ఆ రూపాయికి ఏమి కొనగలం అన్నది ముఖ్యమని అందులో ఆయన వాదం. ఇంకో మాట కూడా చెప్పారు. వెండి విలువ పడిపోయి రూపాయి చౌక అయినప్పుడు ఎగుమతిదారులకు లాభం వచ్చిందంటారు కదా, ఆ లాభం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనకబడి పెరుగుతుంది. మధ్యలో ఉన్న ఆ తేడాయే యజమాని లాభం. అది కూలివాడి జేబులోంచి వచ్చిన డబ్బు.

వందేళ్ల కిందటి ఈ వాదంలో మనకు కావలసిన పనిముట్టు ఉంది. ద్రవ్యోల్బణం సంపదను కాల్చి బూడిద చేయదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుస్తుంది. ఎవరి ఆదాయం ధరల కన్నా ఆలస్యంగా పెరుగుతుందో వారి నుంచి, ఎవరి ఆస్తి ధరల కన్నా ముందు పెరుగుతుందో వారికి. అలా మార్చడానికి ఇల్లు, ఇంటి స్థలం కన్నా మంచి సాధనం లేదు.

అదే అంబేడ్కర్‌కు ఇల్లు అనేది ధర ఒక్కదానితో తేలే విషయం కాదని కూడా తెలుసు. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆయనకు ఆ ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని, రోజుకు రూపాయిన్నర చెల్లిస్తూ తలదాచుకున్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని మనుషులు వచ్చి ఖాళీ చేయించారు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయన ఇదంతా రాసుకున్నారు. అక్కడ అద్దె కట్టే డబ్బు ఉంది, కొలంబియాలో చదివిన చదువు ఉంది, సంస్థానం ఇచ్చిన ఉద్యోగం ఉంది. ఇల్లు మాత్రం లేదు. మార్కెట్ సిద్ధాంతం ప్రకారం ధర చెల్లించేవాడికి సరుకు దొరకాలి. ఇక్కడ దొరకలేదు. కాబట్టి మన లెక్కలో రెండు అంకెలు ఉండాలి. ఒకటి అద్దె ఎంత అన్నది. రెండోది ఆ అద్దెకు మనకు ఇస్తారా అన్నది.

సూచీలో ఇల్లు ఎక్కడుంది

ముందు ధరలను ఎలా కొలుస్తారో చూద్దాం. వినియోగదారుల ధరల సూచీ అంటే ఒక బుట్ట. ఒక సగటు కుటుంబం ఏమేమి కొంటుందో ఆ బుట్టలో వేసి, ఒక్కోదానికి ఇంత బరువు అని నిర్ణయిస్తారు. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన సూచీలో పట్టణాలకు ఇంటి బరువు 21.67 శాతం. గ్రామీణ సూచీలో ఇంటికి బరువు లేదు. రెండూ కలిపితే 10.07 శాతం. గ్రామాల్లో అద్దె ఇళ్లు తక్కువ కాబట్టి లెక్కలోకి తీసుకోలేదని వివరణ.

ఇంకా ఘోరం వ్యవసాయ కూలీల సూచీ. 1986-87 ఆధారంగా మూడు దశాబ్దాలకు పైగా నడిచిన ఆ సూచీలో తిండికి దాదాపు 69 శాతం బరువు. మిగిలినది పొగాకు, వక్క, వంటచెరకు, బట్టలు, ఇతర ఖర్చులు. ఇల్లు అనే గడి లేదు. ఉపాధి హామీ కూలి రేటును ఏళ్ల తరబడి ఈ సూచీతోనే సవరించారు. అంటే ఏమిటి? కూలికి ఆకలి ఉంటుంది, చలి ఉంటుంది, కాని తల మీద కప్పు ఖర్చు ఉండదు అని ప్రభుత్వ గణాంకం అనుకుంది. గుడిసె తాటాకులు మార్చాలన్నా, రేకులు వేయాలన్నా, గోడ కూలితే మళ్లీ లేపాలన్నా డబ్బు కావాలని వాడలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఆ డబ్బు సూచీలో లేదు కాబట్టి కూలిలోకి రాలేదు.

ఈ కొలతలో ఇంకో విచిత్రం ఉంది. 2012 ఆధారంగా నడిచిన ఆ పట్టణ సూచీలో ఇంటి ఖర్చు లెక్కలోకి ప్రభుత్వ క్వార్టర్లు కూడా వచ్చేవి. 2017 జులైలో ఏడో వేతన సంఘం సిఫారసుల మేరకు కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం పెరిగింది. వెంటనే సూచీలో ఇంటి ద్రవ్యోల్బణం పెరిగినట్టు కనిపించింది. ఇది లెక్కల వల్ల వచ్చిన పెరుగుదల అని రిజర్వు బ్యాంకే విడదీసి చెప్పాల్సి వచ్చింది. ఒక వర్గానికి భత్యం పెరిగితే దేశమంతటికీ ఇంటి ఖర్చు పెరిగినట్టు నమోదైంది. బస్తీలో పది అడుగుల గది అద్దె పెరిగినప్పుడు సూచీ అంత తొందరగా కదలదు.

అసలు ఇళ్ల ధరల సంగతి వేరు. రిజర్వు బ్యాంకు పది నగరాల రిజిస్ట్రేషన్ వివరాలతో తయారుచేసిన ఇళ్ల ధరల సూచీని 2010-11లో 100 అనుకుంటే, 2023 వచ్చేసరికి అది సుమారు మూడు రెట్లు అయింది. అదే కాలంలో మామూలు ధరలు రెండింతల చుట్టుపక్కల ఉన్నాయి. కాబట్టి ఇల్లు ఉన్నవాడు ద్రవ్యోల్బణాన్ని తట్టుకోవడమే కాదు, దాన్ని దాటిపోయాడు. ఇల్లు లేనివాడు కొనాలనుకున్న ఇల్లు ప్రతి ఏడూ ఇంకొంచెం దూరం జరిగింది.

గొడుగు ఉన్నవాళ్లు

ఇప్పుడు గొడుగుల జాబితా చూద్దాం.

ఒకటి, ఉద్యోగులు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జులైలో, కరువు భత్యం సవరిస్తారు. పారిశ్రామిక కార్మికుల సూచీ దానికి ఆధారం. ఇంటి అద్దె భత్యానికీ ఒక మెట్ల వరస ఉంది. హైదరాబాద్ లాంటి పెద్ద నగరంలో మూల వేతనంలో 24 శాతంతో మొదలై, కరువు భత్యం 25 శాతం దాటితే 27, 50 శాతం చేరితే 30. 2024 జనవరిలో ఆ 50 వచ్చింది, అద్దె భత్యం 30 అయింది. ఎవరూ ధర్నా చేయలేదు. నిబంధన ముందే రాసి ఉంది కాబట్టి పెరిగింది.

ఈ గొడుగు కింద మనవాళ్లూ ఉన్నారని మరచిపోకూడదు. రిజర్వేషన్ వల్ల ఉద్యోగం వచ్చిన మొదటి తరం దళిత కుటుంబాలు ఈ భత్యాలతో, పీఎఫ్ లోనుతో, బ్యాంకు వాయిదాలతోనే పట్టణం చివర ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాయి. ఈఎంఐ ధరలతోపాటు పెరగదు, జీతం పెరుగుతుంది. పదిహేనేళ్లలో ఆ అప్పు కరిగిపోతుంది, ఇల్లు మిగులుతుంది. ఈ హాల్లో కూర్చున్న కొందరు ఆ ఇళ్లలోంచే వచ్చి ఉంటారు. అందుకే ప్రభుత్వ ఉద్యోగం పోయి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ రావడం అంటే జీతం తగ్గడం ఒక్కటే కాదు. ద్రవ్యోల్బణం నుంచి కాపాడే నిబంధన పోవడం. ఇల్లు కట్టుకునే దారి మూసుకుపోవడం. పారిశుధ్య పనిలో ఎవరున్నారో, ఆ పని మొదట ఎందుకు కాంట్రాక్టుకు పోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండు, ఇంటి యజమానులు. 1947 బొంబాయి అద్దె చట్టం అద్దెలను పాత స్థాయిలో ఆపేసింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనూ 1960లో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. బొంబాయి చట్టం మీద మల్పే విశ్వనాథ్ ఆచార్య కేసులో సుప్రీంకోర్టు 1997 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. రూపాయి విలువ ఇంతగా పడిపోయాక 1940 నాటి అద్దెను అలాగే ఉంచడం సమంజసం కాదు, కాలం మారితే ఒకప్పటి న్యాయమైన నిబంధన కూడా అన్యాయమవుతుంది అని దాని సారాంశం. నేను ఈ తీర్పును తప్పుపట్టడం లేదు. దాని తర్కం బాగుంది. నా ప్రశ్న ఒక్కటే. అంకెను గడ్డకట్టించి పెట్టడం యజమాని విషయంలో అన్యాయమైతే, స్కాలర్‌షిప్ విషయంలో న్యాయం ఎలా అవుతుంది?

మూడు, ఇల్లు అమ్మేవాళ్లు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవలసిన ఉదాహరణ. ఇల్లో స్థలమో అమ్మి లాభం పొందితే పన్ను కట్టాలి. అయితే కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి చూపించుకోవచ్చు. దానికోసం ప్రభుత్వం ప్రతి ఏడాది వ్యయ ద్రవ్యోల్బణ సూచీ అని ఒక అంకె ప్రకటిస్తుంది. 2001-02లో అది 100. 2024-25లో 363. అంటే 2001-02లో పది లక్షలకు కొన్న ఇల్లు 2024-25లో అమ్మితే, కొన్నది 36 లక్షల 30 వేలకు అన్నట్టు లెక్క. మిగిలిన దాని మీదే పన్ను.

2024 జులై 23న బడ్జెట్‌లో ఈ సౌకర్యాన్ని తీసేసి, పన్ను రేటును 20 నుంచి 12.5 శాతానికి తగ్గిస్తామన్నారు. ఆస్తులున్నవాళ్లు గగ్గోలు పెట్టారు. టీవీల్లో చర్చలు, పత్రికల్లో వ్యాసాలు. రెండు వారాలు తిరగకుండానే ప్రభుత్వం దిగివచ్చింది. ఆ తేదీకి ముందు కొన్న ఇళ్లకు, స్థలాలకు పాత పద్ధతి కావాలంటే పాతది, కొత్తది కావాలంటే కొత్తది ఎంచుకోవచ్చని సవరణ తెచ్చింది. రెండు వారాలు. ద్రవ్యోల్బణం వల్ల పెరిగిన అంకెను నిజమైన ఆదాయం అనుకోకూడదు అనే సూత్రాన్ని ఈ దేశ ప్రభుత్వం అంత తొందరగా ఒప్పుకుంది.

గొడుగు లేనివాళ్లు

ఇప్పుడు ప్రభుత్వం ప్రకటించిన ఈ 363 అంకెనే చేతిలో పెట్టుకుని మన వైపు వద్దాం. మనం కొత్త సూచీ ఏమీ తయారుచేయడం లేదు. ఇల్లు అమ్మేవాడికి ఇచ్చిన కొలబద్దనే వాడుతున్నాం. పైగా ఇది తక్కువగా కొలిచే కొలబద్ద. పట్టణ ధరల సగటు పెరుగుదలలో 75 శాతాన్ని పరిగణించి దీన్ని నిర్ణయిస్తారు.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి నడుస్తోంది. అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న కాలం అది. ఈ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయ పరిమితిని 2013-14లో రెండున్నర లక్షలు చేశారు. ఆ ఏడు వ్యయ సూచీ 220. 2024-25లో 363. పరిమితి కూడా అలాగే పెరిగి ఉంటే ఆ ఏడాదికి 4 లక్షల 12 వేలు ఉండాలి. ఉన్నది రెండున్నర లక్షలే.

ఇది ఎలా పనిచేస్తుందో జాగ్రత్తగా చూడండి. ఏడాదికి రెండున్నర లక్షలంటే నెలకు 20,833 రూపాయలు. తండ్రి వాచ్‌మన్, తల్లి ఇళ్లలో పని చేసే కుటుంబం అనుకుందాం. 2013లో ఇద్దరికీ కలిపి నెలకు 13 వేలు వచ్చేవి. ధరలతో సమానంగా కూలి పెరిగి ఇప్పుడు 21 వేలకు పైన వస్తున్నాయి. ఆ కుటుంబం ఒక్క గింజ కూడా ఎక్కువ కొనలేదు. గది మారలేదు. కాని ప్రభుత్వం దృష్టిలో వాళ్లు పేదవాళ్లు కాకుండా పోయారు, బిడ్డ స్కాలర్‌షిప్ పోయింది. ఎవరూ పథకాన్ని రద్దు చేయలేదు. ఏ మంత్రీ అపఖ్యాతి పాలు కాలేదు. అంకెను కదపకుండా ఉంచితే చాలు, ద్రవ్యోల్బణమే మెల్లగా పథకాన్ని కోసుకుంటూ పోతుంది. ఇల్లు అమ్మేవాడి విషయంలో ఒప్పుకున్న సూత్రాన్నే, ద్రవ్యోల్బణం వల్ల పెరిగిన అంకె నిజమైన ఆదాయం కాదన్న దాన్నే, ఈ వాచ్‌మన్ బిడ్డకు నిరాకరించారు.

దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఆర్థికంగా బలహీన వర్గాల కోటాకు ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు. వెయ్యి చదరపు అడుగుల లోపు ఫ్లాటు సొంతంగా ఉన్నా అర్హత పోదు. ఒకటి స్కాలర్‌షిప్, ఇంకొకటి రిజర్వేషన్, రెండూ వేరు వేరు అంటారు. వేరే, నిజమే. కాని "ఎంత ఉంటే పేద" అన్న ప్రశ్నకు ఒకే ప్రభుత్వం రెండు సమాధానాలు చెబుతోంది. ఒకరికి సొంత ఫ్లాటు ఉన్నా పేదరికమే. ఇంకొకరికి నెలకు 21 వేలు వస్తే పేదరికం తీరిపోయినట్టే.

ఇక హాస్టల్ ఖర్చు. 2010లో మొదటి గ్రూపు కోర్సుల్లో హాస్టల్లో ఉండే ఎస్సీ విద్యార్థికి కేంద్ర పథకం కింద నిర్వహణ భత్యం నెలకు 1,200 రూపాయలు. ఇంటర్ స్థాయి నాలుగో గ్రూపుకు 380. 2021లో మార్గదర్శకాలు మార్చి ఏడాది లెక్కన అకడమిక్ అలవెన్స్ అన్నారు. మొదటి గ్రూపుకు 13,500, నాలుగో గ్రూపుకు 4,000. పన్నెండుతో భాగించండి. 1,125, 333. పదకొండేళ్ల తర్వాత అంకె పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. ఇల్లు అమ్మేవాడి కొలబద్దతో చూస్తే 2010-11 నాటి 1,200 రూపాయలు 2024-25లో దాదాపు 2,600 కావాలి. రాష్ట్రాలు కొంత కలుపుతాయి, ఫీజు వేరుగా ఇస్తాయి, సంక్షేమ హాస్టళ్లు ఉన్నాయి. అవన్నీ ఉన్నా, అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ప్రైవేటు హాస్టల్లో ఒక మంచానికి ఎంత కడుతున్నారో ఇక్కడున్నవాళ్లే చెప్పగలరు. నెలకు 333 రూపాయలతో ఆ మంచం మీద ఎన్ని రాత్రులు పడుకోవచ్చో లెక్క వేయండి.

పరిశోధకుల్లోనూ ఇదే గీత ఉంది. జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్లకు 2014 డిసెంబరు నుంచి 25 వేలు, 2019లో 31 వేలు, 2023 నుంచి 37 వేలు, దాని మీద ఇంటి అద్దె భత్యం. నెట్ లేని పీహెచ్‌డీ విద్యార్థికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో 8 వేలు. 2015లో ఆ ఫెలోషిప్‌ను ఎత్తేస్తామన్నప్పుడు విద్యార్థులు యూజీసీ కార్యాలయం ముందు కూర్చుని ఆపారు. ఆపగలిగారు కాని పెంచించలేకపోయారు. ఒకే గదిలో పక్కపక్కన పడుకునే ఇద్దరిలో ఒకరికి అద్దె భత్యం ఉంది, ఒకరికి లేదు.

ఇల్లు, ఫెలోషిప్, ప్రాణం ఒకదానికొకటి ఎంత దగ్గరో హైదరాబాద్ విశ్వవిద్యాలయం 2016 జనవరిలో చూసింది. ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టల్ నుంచి వెళ్లగొడితే వాళ్లు బయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ బాకీ గురించి రాశాడు. అది మన ఉద్యమ చరిత్రలో భాగం. ఆర్థికశాస్త్రంలో కూడా భాగం కావాలి. హాస్టల్ గది మనకు వసతి మాత్రమే కాదు, ఈ నగరంలో మనల్ని కులం అడగకుండా ఉండనిచ్చే కొద్ది చోట్లలో ఒకటి.

గ్రామాల్లో ఇంటి పథకం

ఇక్కడ కొంచెం నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఎప్పుడూ ఏమీ పెరగలేదని అనడం సరికాదు. 1985-86లో ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విముక్తి పొందిన వారికి ఉద్దేశించి మొదలైన ఇందిరా ఆవాస్ యోజనను చూడండి. మైదాన ప్రాంతాల్లో ఇంటికిచ్చే సాయం 1996లో 20 వేలు. 2004లో 25 వేలు, 2008లో 35 వేలు, 2010లో 45 వేలు, 2013లో 70 వేలు. 2016లో పథకం పేరు మారి లక్షా ఇరవై వేలు అయింది. 2004 నుంచి 2016 దాకా ఈ పెరుగుదల సూచీ కన్నా చాలా వేగంగా ఉంది. మొదటి సాయం అసలు ఇల్లు కట్టడానికి చాలేది కాదు కాబట్టి పెంచక తప్పలేదు.

అయితే 2016 తర్వాత ఆ అంకె ఆగిపోయింది. 2024 ఆగస్టులో ఇంకో రెండు కోట్ల ఇళ్లు కడతామని పథకాన్ని 2029 దాకా పొడిగించారు. సాయం మాత్రం అదే లక్షా ఇరవై వేలు. వ్యయ సూచీ 2016-17లో 264, 2024-25లో 363. ఆ లెక్కన లక్షా 65 వేలు కావాలి. సిమెంటు, ఇనుము, ఇసుక, మేస్త్రీ కూలి ఈ సూచీని అడిగి పెరగవు. ఆ తేడాను కుటుంబం వడ్డీకి తెచ్చుకుంటుంది. పునాది లేచి, గోడలు లేచి, శ్లాబు పడకుండా మొండిగోడలతో నిలిచిన ఇళ్లు మన వాడల్లో చూస్తుంటాం కదా, ద్రవ్యోల్బణం కంటికి కనిపించే రూపం అదే. ఇదే కాలంలో తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇంటికి ఐదు లక్షలు ప్రకటించిందంటే, ఇల్లు కట్టడానికి నిజంగా ఎంతవుతుందో ప్రభుత్వాలకు తెలియక కాదు.

ఇంకొకటి, ఈ సాయం ఇంటికి. స్థలానికి కాదు. భూమి లేనివాడికి స్థలం ఎక్కడిది? అంబేడ్కర్ 1947లో "స్టేట్స్ అండ్ మైనారిటీస్"లో ఎస్సీలకు ప్రత్యేక గ్రామాలు, వాటి కోసం ఒక సెటిల్‌మెంట్ కమిషన్, ప్రభుత్వ భూమి కావాలని ఎందుకు రాశారో ఇక్కడ అర్థమవుతుంది. ఊరి యజమాని దయ మీద నిలబడ్డ ఇల్లు ఇల్లు కాదని ఆయనకు తెలుసు. ఆ రోజు స్థలం దక్కి ఉంటే, తర్వాతి ఏడు దశాబ్దాల ద్రవ్యోల్బణం మనకు శత్రువు కాకుండా మన ఆస్తిని పెంచే మిత్రుడై ఉండేది.

డబ్బు ఉన్నా దొరకని ఇల్లు

బరోడా సత్రం గురించి ముందు చెప్పాను. అది పాత కథ అనుకునేవాళ్లకు ఒక అధ్యయనం. సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఒకే రకమైన అర్హతలున్నవారు వేరు వేరు పేర్లతో ఇంటి యజమానులకు ఫోన్ చేశారు. అగ్రకుల పేర్లకు కాదన్నవారు లేరు. దళితుల్లో 18 శాతం మందికి, ముస్లింలలో 31 శాతం మందికి ఇల్లు లేదన్నారు. ఇస్తామన్నవారిలోనూ కొందరు అదనపు షరతులు పెట్టారు. త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ 2001 జనాభా లెక్కలతో హైదరాబాద్ సహా ఏడు పెద్ద నగరాలను పరిశీలించారు. ఎవరు ఎక్కడ నివసిస్తారన్నది ఆర్థిక స్థాయి కన్నా కులం ప్రకారమే ఎక్కువగా విడిపోయి ఉందని తేల్చారు.

ఇది ధర మీద ఎలా పనిచేస్తుంది? వంద టులెట్ బోర్డుల్లో అందరికీ వంద తెరిచి ఉంటే బేరం ఆడవచ్చు. మనకు వాటిలో కొన్ని మూసుకుపోతే మిగిలినవాటి కోసం ఎక్కువమంది పోటీ పడతారు, బేరం శక్తి తగ్గుతుంది, ఓనరు చెప్పిన అడ్వాన్సు కట్టాలి. కాలేజీకి దూరంగా పోతే బస్సు ఖర్చు, సమయం అదనం. కాబట్టి సగటు అద్దె సూచీ మన అద్దెను చెప్పదు. మనం చెల్లించే దానిలో కులం మీద పడ్డ పన్ను కూడా ఉంటుంది. ఆ పన్ను ఏ ఖజానాకూ చేరదు, ఏ గణాంకంలోనూ కనపడదు.

చట్టం ఏం చేస్తోంది? 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదని ఉంది. మంచిదే. కులం పేరుతో ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించే నిబంధన అందులో లేదు. 2005లో అహ్మదాబాద్‌కు చెందిన ఒక గృహ సహకార సంఘం కేసులో, ఒకే మతం వారికే సభ్యత్వం అనే నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఇల్లు ప్రైవేటు వ్యవహారం అనే గోడ వెనక కులం భద్రంగా ఉంది.

కొరత అని కూడా అంటారు. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో 1 కోటి 87 లక్షల 80 వేల ఇళ్ల కొరత ఉందని, అందులో 95 శాతానికి పైగా తక్కువ ఆదాయ వర్గాలదేనని లెక్కగట్టింది. దాని ముందు ఏడాది జనాభా లెక్కల్లో పట్టణాల్లో తాళం వేసి ఖాళీగా ఉన్న ఇళ్లు 1 కోటి 10 లక్షలకు పైనే. ఇళ్లు లేక కాదు. ద్రవ్యోల్బణం నుంచి డబ్బును దాచుకునే పెట్టెలుగా కొందరు ఇళ్లను వాడుకుంటున్నారు కాబట్టి.

రెండు అభ్యంతరాలు

అన్ని కులాల్లో పేదలు ఉన్నారు, ద్రవ్యోల్బణానికి కులం అంటగడతారేమిటి అని అడుగుతారు. అగ్రకులాల పేద అద్దెదారుకూ ధర పెరిగింది, కాదనం. మేము అడిగే సవరణ వచ్చిన రోజున అతనికీ మేలే. కాని ఆస్తి వారసత్వంగా వస్తుంది. ఆస్తి హక్కు తరతరాలుగా ఎవరికి లేకుండా చేశారో వారికి ఇళ్ల ధర పెరగడం వల్ల వచ్చే లాభం దక్కదు, నష్టం మాత్రం దక్కుతుంది. ఇది కులం చేసిన ఏర్పాటు, ద్రవ్యోల్బణం దాని మీద వడ్డీ కడుతోంది.

అన్నిటినీ సూచీకి కడితే ఖజానా ఏమవుతుంది అని ఇంకో ప్రశ్న. ఇదే ప్రశ్న కరువు భత్యం పెంచినప్పుడు అడగరు, ఇల్లు అమ్మేవాడికి మినహాయింపు తిరిగి ఇచ్చినప్పుడు అడగలేదు. మన దగ్గరికి వచ్చేసరికే ఖజానా గుర్తొస్తుంది.

మనం అడగవలసినవి

కాబట్టి నాలుగు డిమాండ్లు మీ ముందు పెడుతున్నాను. చర్చించండి, సరిచేయండి.

ఒకటి, స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితి, హాస్టల్ భత్యం, మెస్ చార్జీలు, నెట్ లేని ఫెలోషిప్, గ్రామీణ ఇంటి సాయం, ఇవన్నీ ప్రతి ఏప్రిల్‌లో సూచీతోపాటు తమంతట తాము సవరణ కావాలి. ఇల్లు అమ్మేవాడికి ప్రకటించే ఆ అంకెనే మాకూ వర్తింపజేయండి, చాలు.

రెండు, కూలీల సూచీలో ఇంటికి గడి ఉండాలి. కులాల వారీగా అద్దె, అడ్వాన్సు, ఇంటి నాణ్యత వివరాలు సేకరించి బయటపెట్టాలి. పరిశోధకులారా, ఇది ముఖ్యంగా మీ పని. ప్రభుత్వం లెక్కించే దాకా ఆగకండి. మీ విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న ఐదారు కాలనీల్లో అద్దెలు, నిరాకరణలు మీరే నమోదు చేయండి.

మూడు, అద్దెలో, గృహ సంఘాల సభ్యత్వంలో కుల, మత వివక్షను నిషేధించే చట్టం కావాలి.

నాలుగు, నగరాల్లో కొత్త ప్రభుత్వ హాస్టళ్లు, పోటీ పరీక్షలకు చదివేవారికి కూడా. హాస్టల్ సీటు కట్టిన ప్రభుత్వానికి అద్దె పెరుగుదల బాధ ఉండదు. విద్యార్థికి అంతకన్నా ఉండదు.

విశ్వవిద్యాలయాల్లో ద్రవ్యోల్బణం గురించి చాలా సెమినార్లు జరుగుతాయి. వడ్డీ రేట్ల గురించి, చమురు ధరల గురించి మాట్లాడతారు. ఇకపై అలాంటి చోట మీరు ఉంటే లేచి ఒక ప్రశ్న అడగండి. ఈ ధరల పెరుగుదల నుంచి ఎవరికి ముందే నిబంధన రాసి రక్షణ ఇచ్చారు, ఎవరిని వదిలేశారు? వక్త దగ్గర సమాధానం లేకపోతే 220, 363 అనే రెండు అంకెలు, రెండున్నర లక్షలు అనే మూడో అంకె బోర్డు మీద రాయండి. మిగిలిన పాఠం అక్కడున్నవాళ్లే పూర్తి చేస్తారు.

జై భీమ్.